ఎక్స్‌ఛేంజ్‌లో పీరింగ్‌కు ఏ రౌటర్ తీసుకోవాలి? (చిన్న నెట్‌వర్క్, 10 గిగాబిట్ పోర్టు)

కొత్తదారి
అందరికీ నమస్కారం. మాది చిన్న నెట్‌వర్క్. సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), ఒక /22 ఐపీవీ4 చిరునామాల బ్లాకు, ఒక /32 ఐపీవీ6 బ్లాకు ఉన్నాయి. ట్రాన్సిట్ (డబ్బు కట్టి తీసుకునే, మిగతా ఇంటర్నెట్‌కు దారి) ఇద్దరి దగ్గర తీసుకుంటున్నాం. ఇద్దరూ డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని గమ్యాలన్నిటికీ ఒకే దారి) మాత్రమే ఇస్తున్నారు. రద్దీ వేళల్లో ట్రాఫిక్ 4 గిగాబిట్ల దాకా వెళ్తోంది. త్వరలో ఇంటర్నెట్ ఎక్స్‌ఛేంజ్‌లో (నెట్‌వర్క్‌లు నేరుగా కలిసి ట్రాఫిక్ మార్చుకునే చోటు, అలా మార్చుకోవడమే పీరింగ్) 10 గిగాబిట్ పోర్టు తీసుకోబోతున్నాం. ఇప్పుడున్న రౌటర్‌లో ఆ వేగం పోర్టు ఒక్కటీ ఖాళీ లేదు, అది పాతబడింది కూడా.

పోర్టులు, వేగం, మెమరీ చూసి ఒక పట్టిక వేసుకున్నాను. అందులో ప్రతి పెట్టే సరిపోయేలా కనిపిస్తోంది. అనుమానం వచ్చింది అక్కడే. అసలు ఏది చూసి ఎంచుకోవాలి?

మూడోపొర
పట్టికలో ఇంకో రెండు నిలువు వరుసలు చేర్చండి. ఒకటి, ఫార్వర్డింగ్ టేబుల్‌కు (ప్యాకెట్ ఎటు పంపాలో చూసే పట్టిక) హార్డ్‌వేర్‌లో ఎన్ని రూట్లు పడతాయన్నది. రెండోది, బీజీపీని (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్) నడిపే సీపీయూ ఏ తరానిదన్నది. సగం పెట్టెలు అక్కడే రాలిపోతాయి.

ఈలోగా కొన్ని ప్రశ్నలు. ట్రాన్సిట్ సెషన్లు కూడా ఇదే రౌటర్‌కు మారుస్తారా? ఫుల్ టేబుల్ (ఇంటర్నెట్‌లోని రూట్లన్నీ) కావాలా, డిఫాల్ట్‌తోనే కొనసాగుతారా? మీ కింద బీజీపీ నడిపే కస్టమర్లు ఉన్నారా? ఫ్లో సమాచారం (ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత ట్రాఫిక్ వెళ్తోందన్న లెక్క) ఇప్పుడు ఎక్కడైనా సేకరిస్తున్నారా?

గిగాభీముడు
ఇంత చర్చ ఎందుకు? జూనిపర్ ఎంఎక్స్204 తీసుకోండి. ఒక్క యూనిట్ ఎత్తు, నాలుగు 100 గిగాబిట్ పోర్టులు, ఎనిమిది 10 గిగాబిట్ పోర్టులు, మొత్తం 400 గిగాబిట్ల సామర్థ్యం. ఫుల్ టేబుల్ పడుతుంది, ఫిల్టర్లు ఎన్ని రాసినా వేగం తగ్గదు. కొని బిగించి మరిచిపోవచ్చు.

పాతరౌటర్
మరిచిపోవచ్చన్న మాట ఈ రంగంలో కొంచెం ప్రమాదకరం. 2014 ఆగస్టు 12 గుర్తుందా? ఆ రోజు ఐపీవీ4 టేబుల్ 5,12,000 రూట్ల గీతను తాకింది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా నడుస్తున్న సిస్కో 6500, 7600 తరగతి పెట్టెల్లో టీక్యామ్ మెమరీని (రూట్లను హార్డ్‌వేర్‌లో వెతికే ప్రత్యేక మెమరీ) ఆ అంకె దగ్గరే విభజించి ఉంచారు. గీత దాటిన రూట్లకు హార్డ్‌వేర్‌లో చోటు లేదు. వాటి ట్రాఫిక్ సీపీయూ మీద పడింది. చాలా చోట్ల నెట్ కుంటింది. విభజన మార్చి రీబూట్ చేస్తే సరిపోయే చోట కూడా ముందుగా ఆ పని చేసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఐపీవీ4 టేబుల్ పది లక్షల దరిదాపుల్లో ఉంది, ఐపీవీ6 రెండు లక్షలు దాటింది. డేటాషీట్‌లో "పది లక్షల రూట్లు" అని కనిపిస్తే వెంటనే సంతోషపడకండి. అది ఐపీవీ4 ఒక్కదానికా, రెండూ కలిపా? కొన్ని చిప్పుల్లో ఒక ఐపీవీ6 రూటు రెండు గదులు తింటుంది. యూఆర్‌పీఎఫ్ (ప్యాకెట్ వచ్చిన దారి దాని మూల చిరునామాకు సరిపోతుందో చూసే తనిఖీ) పెడితే సామర్థ్యం సగానికి పడిపోయే పెట్టెలూ ఉన్నాయి. ఆ సంగతి డేటాషీట్ చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లీనక్స్‌లోగిలి
4 గిగాబిట్లకు ఎంఎక్స్ ఎందుకండీ? మంచి సర్వరు ఒకటి, నాణ్యమైన నెట్‌వర్క్ కార్డు ఒకటి, పైన లీనక్స్, బీజీపీ నడిపే బర్డ్ సాఫ్ట్‌వేర్. పని అయిపోతుంది. ప్రపంచంలోని పెద్ద ఎక్స్‌ఛేంజ్‌ల రూట్ సర్వర్లలో (సభ్యుల రూట్లను ఒకరి నుంచి ఒకరికి చేరవేసేవి) చాలావరకు నడుస్తున్నది బర్డే. ఫుల్ టేబుల్‌కు అది తీసుకునే మెమరీ కొన్ని వందల మెగాబైట్లు. ఏ చిన్న సర్వరుకైనా అది లెక్కలోకి రాదు. టీక్యామ్ గొడవే లేదు. టేబుల్ రెట్టింపయినా మెమరీ ముక్క ఒకటి చేరిస్తే చాలు. ఆర్‌పీకేఐ (రూటు ప్రకటించే హక్కు ఎవరిదో ధ్రువీకరించే వ్యవస్థ), ఫిల్టర్లు అన్నీ స్క్రిప్టుతో రాసుకోవచ్చు.

రాత్రిపాళీ
> 4 గిగాబిట్లకు ఎంఎక్స్ ఎందుకండీ?

లెక్క గిగాబిట్లలో వేయకండి, ప్యాకెట్లలో వేయండి. మామూలు రోజున ప్యాకెట్ సగటున 800 బైట్లు అనుకుంటే 4 గిగాబిట్లంటే సెకనుకు ఆరు లక్షల పైచిలుకు ప్యాకెట్లు. లీనక్స్ కెర్నల్ దీన్ని నవ్వుతూ మోస్తుంది. దాడి వచ్చిన రోజున అదే 10 గిగాబిట్ పోర్టు నిండా 64 బైట్ల ప్యాకెట్లు వస్తే సెకనుకు 1 కోటి 48 లక్షలు. అప్పుడు సీపీయూ ప్యాకెట్లు మోస్తుందా, బీజీపీకి జవాబు చెబుతుందా? కీప్అలైవ్‌లు (సెషన్ బతికే ఉందని చెప్పే సందేశాలు) ఆలస్యమై సెషన్లు పడిపోతాయి, సెషన్లు పడితే ట్రాఫిక్ ఇంకో దారిలోకి దూకుతుంది, అక్కడా అదే కథ. అర్ధరాత్రి ఫోను ఎత్తేది నేను కాబట్టి అడుగుతున్నాను.

లీనక్స్‌లోగిలి
రాత్రిపాళీ గారూ, ప్రశ్న న్యాయమైనదే. అందుకే కెర్నల్‌ను పక్కన పెట్టి వీపీపీ లాంటి డేటా ప్లేన్ (ప్యాకెట్లను మోసే సాఫ్ట్‌వేర్) వాడాలి. డీపీడీకే (కెర్నల్‌ను దాటి నెట్‌వర్క్ కార్డుతో నేరుగా పనిచేసే లైబ్రరీ) ఆధారంగా నడిచే వీపీపీ తగినన్ని కోర్లు ఇస్తే ఆ స్థాయి ప్యాకెట్లను మోస్తుంది. బీజీపీకి వేరే కోర్లు కేటాయిస్తే రెండూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడవు.

రాత్రిపాళీ
మోస్తుంది, కాదనను. దాన్ని సెలవుల్లో ఉన్న మీరు కాకుండా ఇంకెవరు సరిచేయగలరు? కొత్తదారి గారి దగ్గర ఎంతమంది ఉన్నారో తెలుసుకుని సలహా ఇద్దాం.

కొత్తదారి
అందరికీ ధన్యవాదాలు. వరుసగా చెబుతాను. నెట్‌వర్క్ చూసేది నేను, ఇంకొకతను. ఇద్దరికీ లీనక్స్ వచ్చు, కానీ వీపీపీ ఎప్పుడూ ముట్టుకోలేదు. కింద బీజీపీ కస్టమర్లు ప్రస్తుతానికి లేరు, ఒకరు అడుగుతున్నారు. ఫ్లో సేకరణ లేదు. ఫుల్ టేబుల్ కావాలో వద్దో నాకే స్పష్టంగా తెలియదు. పీరింగ్ చేయాలంటే అది తప్పనిసరి అని ఎవరో చెప్పగా విన్నాను.

బడ్జెట్ మాట కూడా చెప్పాలి. ఎంఎక్స్204 కొత్తది మా వల్ల కాదు. మైక్రోటిక్ సీసీఆర్2116 మా పట్టికలో మొదటి వరుసలో ఉంది.

మూడోపొర
తప్పనిసరి కాదు. ఇక్కడే చాలామంది అనవసరంగా పెద్ద పెట్టె కొంటారు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ఎక్స్‌ఛేంజ్‌లో మీకు వచ్చేవి పీర్ల రూట్లు: వాళ్ల సొంతవి, వాళ్ల కస్టమర్లవి. ప్రపంచమంతా రాదు. రూట్ సర్వర్ నుంచి వచ్చే సంఖ్య ఎక్స్‌ఛేంజ్ పరిమాణాన్ని బట్టి కొన్ని వేల నుంచి లక్ష పైదాకా ఉండొచ్చు. చాలా ఎక్స్‌ఛేంజ్‌లకు లుకింగ్ గ్లాస్ (వాళ్ల రూట్లను బయటివాళ్లు చూడగలిగే పేజీ) ఉంటుంది. మీరు చేరబోయే దానిలో రూట్ సర్వర్ ఎన్ని ప్రిఫిక్స్‌లు (చిరునామా బ్లాకులు) ఇస్తోందో ఇవాళే చూడొచ్చు. ఆ అంకెకు రెట్టింపు హార్డ్‌వేర్‌లో పట్టే పెట్టె, దానితోపాటు ట్రాన్సిట్ వైపు డిఫాల్ట్ రూటు ఉంటే మీ స్థాయికి సరిపోతుంది. పీర్ల రూట్లు డిఫాల్ట్ కన్నా నిర్దిష్టమైనవి కాబట్టి ట్రాఫిక్ తనంతట తానే ఎక్స్‌ఛేంజ్ వైపు వెళ్తుంది.

ఫుల్ టేబుల్ ఎప్పుడు కావాలి? ఇద్దరు ట్రాన్సిట్‌ల మధ్య గమ్యాన్ని బట్టి దారి ఎంచుకోవాలనుకున్నప్పుడు, లేదా బీజీపీ కస్టమర్‌కు మీరు ఫుల్ టేబుల్ ఇవ్వాల్సి వచ్చినప్పుడు. మీకు మొదటి అవసరం కనిపించడం లేదు. రెండోది తలుపు తడుతోంది.

సీసీఆర్2116 గురించి: పదహారు కోర్లు, 16 గిగాబైట్ల మెమరీ, నాలుగు 10 గిగాబిట్ పోర్టులు. దాని సాఫ్ట్‌వేర్ రౌటర్ఓఎస్ 6లో బీజీపీ మొత్తం ఒకే కోర్ మీద నడిచేది, ఆర్‌పీకేఐ లేదు. ఆ రెండూ 7లో మారాయి. పెట్టెలో స్విచ్ చిప్పు ఉంది కానీ ఫుల్ టేబుల్ అందులో పట్టదు. పట్టినంత మేరకు హార్డ్‌వేర్, మిగిలింది సీపీయూ మోస్తుంది. అంటే రాత్రిపాళీ గారి ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది.

గిగాభీముడు
అదే కదా నేను మొదట చెప్పింది. చివరికి అంతా సీపీయూ దగ్గరకే వస్తుంది. కొత్తది కుదరకపోతే వాడిన ఎంఎక్స్204 దొరుకుతుంది.

పాతరౌటర్
వాడిన పెట్టె తీసుకుంటే సాఫ్ట్‌వేర్ హక్కులు ఎవరివో, భద్రతా సవరణలు ఎన్నాళ్లు వస్తాయో ముందు అడగాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఇంకా చవకగా వస్తోందని ఎంఎక్స్80 వైపు వెళ్లకండి. ప్యాకెట్లు బాగానే పంపుతుంది, కానీ దాని కంట్రోల్ ప్లేన్ (రూట్లు లెక్కించే భాగం) పాతకాలపు పవర్‌పీసీ సీపీయూ. ఫుల్ టేబుల్ సెషన్ పడి లేస్తే రూట్లు మళ్లీ కుదురుకోవడానికి నిమిషాలకు నిమిషాలు పడుతుంది. ఈలోగా కంట్రోల్ ప్లేన్ ఒకటి అనుకుంటుంది, హార్డ్‌వేర్ ఇంకోటి చేస్తుంది.

చిన్నస్విచ్
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మూడోపొర గారు చెప్పినట్టు పీర్ల రూట్లు మాత్రమే అయితే, లేయర్ 3 స్విచ్ (ఐపీ రూటింగ్‌ను హార్డ్‌వేర్‌లో చేసే స్విచ్) చాలదా? ప్యాకెట్ల లెక్కలో దానికి తిరుగుండదు కదా.

మూడోపొర
లెక్క కుదిరితే చాలుతుంది. స్పాటిఫై నెట్‌వర్క్ బృందం కొన్నేళ్ల క్రితం ఈ దారిలోనే వెళ్లింది. బీజీపీలో రూట్లన్నీ తీసుకుని, ట్రాఫిక్ ఎక్కువగా వెళ్లే ప్రిఫిక్స్‌లను మాత్రమే స్విచ్ హార్డ్‌వేర్‌లోకి దించారు. మిగిలిన కొద్దిపాటి ట్రాఫిక్‌కు డిఫాల్ట్. ట్రాఫిక్‌లో అధిక భాగం కొద్ది ప్రిఫిక్స్‌లకే వెళ్తుంది కాబట్టి ఆ ఉపాయం పారింది. కానీ దానికి ఫ్లో సమాచారం, దాన్ని చదివి రూట్లు ఎంచే సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్‌ను కాచుకునే మనుషులు కావాలి.

స్విచ్‌తో రెండు చిక్కులు. బఫర్లు లోతు తక్కువ, కాబట్టి 100 గిగాబిట్ వైపు నుంచి 10 గిగాబిట్ వైపు దిగేటప్పుడు క్షణకాలపు వెల్లువలో ప్యాకెట్లు రాలతాయి. గ్రాఫ్‌లో మాత్రం పోర్టు సగమే నిండినట్టు కనిపిస్తుంది. ఇక ఫిల్టర్లకు దొరికే చోటు చిన్నది. అరిస్టా 7280ఆర్ శ్రేణి లాంటివి వేరే కోవ. జెరికో చిప్పు, లోతైన బఫర్లు, ఫుల్ టేబుల్ కూడా పట్టించుకోగలవు. వాటిని స్విచ్ అనడం అలవాటు వల్లే.

రాత్రిపాళీ
పెట్టె ఏదైనా సరే, ఎక్స్‌ఛేంజ్ పోర్టు మీద లోపలికి వచ్చే ట్రాఫిక్‌కు ఫిల్టర్ రాయగలగాలి. పట్టికలో కొత్తగా చేర్చాల్సిన మూడో నిలువు వరుస అది.

ఎందుకంటే పీరింగ్ లాన్‌లో (ఎక్స్‌ఛేంజ్ సభ్యులు కలిసే ఉమ్మడి నెట్‌వర్క్) అందరూ ఒకే లేయర్ 2 మీద ఉంటారు. మీతో బీజీపీ సెషన్ లేనివాడు కూడా మీ ఐపీ చిరునామా వైపు స్టాటిక్ డిఫాల్ట్ రూటు పెట్టగలడు. మీ రౌటర్‌లో డిఫాల్ట్ ఉంటే వాడి ట్రాఫిక్‌ను శ్రద్ధగా మీ ట్రాన్సిట్‌లోకి మోసుకెళ్తుంది. మన పెరట్లోంచి ఎవరో అడ్డదారి వేసుకున్నట్టు. బిల్లు మీకు, ప్రయాణం వాళ్లకు. కావాలని చేసేవాళ్లు తక్కువే, పొరపాటున రూట్లు లీక్ చేసుకుని చేసేవాళ్లు ఎక్కువ.

పాతరౌటర్
దానికి శుభ్రమైన పరిష్కారం పీరింగ్ రౌటర్‌ను వేరుగా ఉంచడం. అందులో డిఫాల్ట్ ఉండదు, ఫుల్ టేబుల్ ఉండదు. మన రూట్లు, పీర్ల రూట్లు, అంతే. తెలియని గమ్యానికి ప్యాకెట్ వస్తే పారేస్తుంది. లోపలి రౌటర్‌కు పీర్ల రూట్లు ఐబీజీపీలో (మన నెట్‌వర్క్ లోపల నడిచే బీజీపీ) అందుతాయి, డిఫాల్ట్ ట్రాన్సిట్ రౌటర్ నుంచి వస్తుంది. రెండో పెట్టె కుదరకపోతే అదే పెట్టెలో ఎక్స్‌ఛేంజ్ వైపును వేరే వీఆర్ఎఫ్‌లో (ఒకే పెట్టెలో విడిగా ఉండే రూటింగ్ పట్టిక) పెట్టాలి.

లీనక్స్‌లోగిలి
వీళ్లకు ఉన్నది ఒక /22, ఒక /32. దానికోసం వీఆర్ఎఫ్‌ల మధ్య రూట్లు అటూఇటూ పోస్తూ కూర్చోవాలా? ఎక్స్‌ఛేంజ్ పోర్టు మీద గమ్యం మన బ్లాకు అయితే రానివ్వు, లేకపోతే పారేయి. ఐపీవీ4కు ఒక వరుస, ఐపీవీ6కు ఒక వరుస.

రాత్రిపాళీ
ఈసారి లీనక్స్‌లోగిలి గారితో ఏకీభవిస్తాను. కానీ ఆ రెండు వరుసలే రాస్తే నిమిషంలో బీజీపీ సెషన్లన్నీ పడిపోతాయి, ఎందుకంటే సెషన్ వచ్చేది పీరింగ్ లాన్ చిరునామాకు, మీ బ్లాకుకు కాదు. పీరింగ్ లాన్ నుంచి మీ పోర్టు చిరునామాకు బీజీపీ, ఐసీఎంపీ విడిగా అనుమతించాలి. ఐపీవీ6లో నైబర్ డిస్కవరీని (పొరుగు పరికరాల చిరునామాలు కనుక్కునే పద్ధతి) ఆపకూడదు. అది ఆపితే ఐపీవీ4 బాగానే నడుస్తూ ఐపీవీ6 మాత్రం కొంతసేపటికి చచ్చిపోతుంది, వెతకడం నరకం. బీజీపీ కస్టమర్ చేరిన రోజున అతని బ్లాకులూ ఈ ఫిల్టర్‌లో చేరాలి. అతన్ని చేర్చినా ఇక్కడ మరిస్తే ఎక్స్‌ఛేంజ్ నుంచి వచ్చే అతని ట్రాఫిక్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది.

పాతరౌటర్
అందుకే నేను వీఆర్ఎఫ్ అన్నది.

కొత్తదారి
ఇది నా పట్టికలో అసలు లేని కోణం. ఇంకో సందేహం. మా ట్రాఫిక్ ఎక్కువగా వీడియో, పెద్ద కంటెంట్ నెట్‌వర్క్‌ల నుంచే వస్తుంది. రూట్ సర్వర్‌తో రెండు సెషన్లు పెడితే సరిపోతుందా? సెషన్ల సంఖ్యను బట్టి రౌటర్ మారుతుందా?

మూడోపొర
పెద్ద కంటెంట్ నెట్‌వర్క్‌లలో కొన్ని రూట్ సర్వర్‌కు రూట్లు ఇవ్వవు, లేదా కొన్నే ఇస్తాయి. వాటితో నేరుగా సెషన్ పెట్టుకోవాలి. పీరింగ్‌డీబీ అనే బహిరంగ జాబితాలో ప్రతి నెట్‌వర్క్ విధానం, ఆశించాల్సిన ప్రిఫిక్స్‌ల సంఖ్య ఉంటాయి. పదులకొద్దీ సెషన్లు నేటి సీపీయూలకు భారం కాదు. భారమయ్యేది ఒక్కో సెషన్‌కు రాసే పొడవైన ప్రిఫిక్స్ జాబితాలు. కొన్ని పెట్టెల్లో పది వేల వరుసల జాబితాను కాన్ఫిగరేషన్‌లోకి ఎక్కించడమే పెద్ద పని. కొనేముందు ఒక పెట్టె తెప్పించుకుని అది ప్రయత్నించి చూడండి. ఎంత సేపు పడుతుంది, ఆ సమయంలో సెషన్లు నిలుస్తున్నాయా అన్నది డేటాషీట్ చెప్పదు.

రూట్ సర్వర్ విషయంలో ఒక చిన్న మెలిక. ఆర్‌ఎఫ్‌సీ 7947 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి) ప్రకారం రూట్ సర్వర్ తన ఏఎస్ నంబరును దారిలో చేర్చదు. పొరుగు ఏఎస్ నంబరుతో దారి మొదలవ్వాలని పట్టుబట్టే రౌటర్లు ఆ రూట్లన్నీ తిప్పికొడతాయి. ఆ పట్టింపును ఆ సెషన్‌కు ఆపగలగాలి. సెషన్ పైకి వచ్చి రూట్లు సున్నా కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

రాత్రిపాళీ
ఇంకా: ప్రతి సెషన్‌కు గరిష్ఠ ప్రిఫిక్స్ పరిమితి ఉండాలి. ఫిల్టర్ రాయని ఈబీజీపీ (వేరే నెట్‌వర్క్‌తో నడిపే బీజీపీ) సెషన్‌లో ఏదీ తీసుకోకూడదు, ఏదీ ఇవ్వకూడదు అని ఆర్‌ఎఫ్‌సీ 8212 చెబుతుంది (2017). మీ పెట్టె దాన్ని పాటిస్తుందో లేదో చూడండి. పాటించనిదైతే ఫిల్టర్ రాయకముందే సెషన్ పైకి లేచి, ట్రాన్సిట్ నుంచి నేర్చుకున్నదంతా పీర్లకు చెప్పేస్తుంది. 1997 ఏప్రిల్ 25న ఏఎస్ 7007 నుంచి రూట్లు బయటికి పొర్లి ఇంటర్నెట్‌లో పెద్ద భాగం తలకిందులైన సంగతి తెలిసిందే. అప్పటికి ఈ కట్టుబాట్లేవీ లేవు.

ఆర్‌పీకేఐకి రౌటర్ ఆర్‌టీఆర్ (ధ్రువీకరణ ఫలితాలను రౌటర్‌కు అందించే) ప్రోటోకాల్ మాట్లాడితే చాలు. ధ్రువీకరణ పని పక్కన చిన్న సర్వరులో రౌటినేటర్ లాంటిది చేస్తుంది.

చిన్నస్విచ్
పోర్టును నేరుగా రౌటర్‌కు కలపాలా, మధ్యలో మన స్విచ్ ఉండొచ్చా?

రాత్రిపాళీ
కుదిరితే నేరుగా. ఎక్స్‌ఛేంజ్‌లు సాధారణంగా ఒక పోర్టుకు ఒకే మ్యాక్ చిరునామా ఒప్పుకుంటాయి. మధ్యలో స్విచ్ ఉంటే దాని స్పానింగ్ ట్రీ ప్యాకెట్లు, పొరుగు పరికరాలను వెతికే ప్యాకెట్లు అటు వెళ్తాయి, పోర్టు మూసేస్తారు. రౌటర్‌లోనూ ఎల్ఎల్‌డీపీ, ప్రాక్సీ ఏఆర్‌పీ, ఐపీవీ6 రౌటర్ ప్రకటనలు ఆపాలి. మైక్రోటిక్‌లో నైబర్ డిస్కవరీ అనే సొంత సదుపాయం (పైన చెప్పిన ఐపీవీ6ది కాదు) ఉంటుంది, దాన్ని ఆ పోర్టు మీద మర్చిపోకుండా ఆపండి. మొదట క్వారంటైన్ వీలాన్‌లో (విడిగా ఉండే పరీక్షా నెట్‌వర్క్) ఉంచి చూసే ఎక్స్‌ఛేంజ్ అయితే ఇవన్నీ అక్కడే పట్టేస్తారు.

నేరుగా కలిపినా ఒక సమస్య మిగులుతుంది. ఎక్స్‌ఛేంజ్ లోపల ఎక్కడో లింకు తెగితే మీ పోర్టు దీపం వెలుగుతూనే ఉంటుంది. బీజీపీ హోల్డ్ టైమర్ (అవతలి నుంచి సందేశం కోసం ఎదురుచూసే గడువు) ముగిసే దాకా ట్రాఫిక్ గోతిలో పడుతుంది. సిస్కోలో అది మామూలుగా 180 సెకన్లు, జూనిపర్‌లో 90. బీఎఫ్‌డీని (దారి తెగితే వెంటనే పసిగట్టే ప్రోటోకాల్) హార్డ్‌వేర్‌లో నడిపే పెట్టె అయితే, అవతలివాళ్లు ఒప్పుకుంటే వాడండి. సీపీయూ మీద నడిచే బీఎఫ్‌డీకి మరీ బిగుతు టైమర్లు పెడితే లేని తెగుళ్లు పుట్టుకొస్తాయి.

గిగాభీముడు
ఇన్ని చెప్పాక కూడా ఎవరూ ఎంఎక్స్ వద్దనడానికి సాంకేతిక కారణం చెప్పలేదని గమనించాలి.

పాతరౌటర్
చెప్పక్కర్లేదు. మంచి పెట్టె. ఆయన దగ్గర డబ్బు లేదు.

కొత్తదారి
లుకింగ్ గ్లాస్ చూశాను. రూట్ సర్వర్ ఇస్తున్నవి ఐపీవీ4, ఐపీవీ6 కలిపి ముప్పై వేల లోపే. కాబట్టి ఇలా అనుకుంటున్నాం: సీసీఆర్2116ను పీరింగ్‌కు మాత్రమే పెట్టి, పాతరౌటర్ గారు చెప్పినట్టు అందులో డిఫాల్ట్ లేకుండా ఉంచుతాం. ట్రాన్సిట్ పాత రౌటర్‌లోనే ఉంటుంది, పీర్ల రూట్లు ఐబీజీపీలో దానికి వెళ్తాయి. సీసీఆర్‌ను పాత రౌటర్‌కు కలపడానికి అక్కడ ఒక 10 గిగాబిట్ పోర్టు కావాలి కాబట్టి, పాత రౌటర్‌లోని ఒక ట్రాన్సిట్ లింకును 1 గిగాబిట్ పోర్టులు కలిపిన బండిల్‌కు మార్చి 10 గిగాబిట్ పోర్టు ఖాళీ చేస్తాం. ఫుల్ టేబుల్ అడిగే కస్టమర్ ఖాయమైతే అప్పుడు పాత రౌటర్ స్థానంలో పెద్దది చూస్తాం. దాడుల సంగతి ఏం చేయాలో ఇంకా తేలలేదు.

మూడోపొర
ముప్పై వేలు చిప్పులో పడతాయో లేదో రౌటర్ఓఎస్ పత్రాల్లో మీ చిప్పు నంబరు ఎదురుగా ఉన్న అంకెతో సరిచూసుకోండి. అంచుమీద ఉంటే ముందు చోటు చాలనిది ఐపీవీ6కే. ఐబీజీపీలో నెక్స్ట్ హాప్ సెల్ఫ్ (పీర్ చిరునామాకు బదులు మన రౌటర్ చిరునామా చూపే అమరిక) పెట్టండి, పీరింగ్ లాన్ బ్లాకును మీ నెట్‌వర్క్ బయట ఎవరికీ ప్రకటించకండి.

దాడులకు: మీ ఎక్స్‌ఛేంజ్ రూట్ సర్వర్ 65535:666 బ్లాక్‌హోల్ కమ్యూనిటీని (ఈ చిరునామాకు వచ్చే ట్రాఫిక్‌ను పారేయమని రూటుకు తగిలించే గుర్తు) గౌరవిస్తుందేమో అడగండి. ట్రాన్సిట్‌వాళ్లనూ అడగండి. దాడికి గురైన ఒక్క చిరునామాను బలిచ్చి మిగతావాటిని కాపాడుకోవచ్చు. ఆ చిరునామా ఏదో తెలియాలంటే ఫ్లో సేకరణ ఉండాలి, కాబట్టి అది పోర్టు కన్నా ముందే సిద్ధం చేసుకోండి. ఎవరితో నేరుగా పీర్ అవ్వాలో తేలేదీ దానితోనే. ఇంకోటి, పాత రౌటర్‌లో స్ట్రిక్ట్ యూఆర్‌పీఎఫ్ ఉంటే ట్రాన్సిట్ పోర్టుల మీద తీసేయండి. పీర్ ట్రాఫిక్ ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో రావడం ఇకనుంచి మామూలు.

కొత్తదారి
సరేనండి. చివరిగా, ఎక్స్‌ఛేంజ్‌వాళ్లు 1310 నానోమీటర్ల ఎల్ఆర్ ఆప్టిక్ అన్నారు. ఐపీవీ6 సెషన్ కూడా మొదటి రోజే పెట్టాలా, కొన్నాళ్లు ఆగాలా?

రాత్రిపాళీ
ఎల్ఆర్ సింగిల్ మోడ్ ఫైబర్ మీద 10 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, ఒకే భవనంలో కలపడానికి ఎక్కువే. రెండు కొనండి, ఒకటి పెట్టె పక్కన ఉంచండి. ఐపీవీ6 అదే రోజు పెట్టండి. కంటెంట్ నెట్‌వర్క్‌ల ట్రాఫిక్‌లో చాలా భాగం దానిమీదే వస్తుంది, తర్వాత చూద్దాం అనుకుంటే అదంతా ట్రాన్సిట్‌లోనే ఉండిపోతుంది. ముందు రూట్లు తీసుకోవడం మాత్రమే, ప్రకటించడం ఆపి ఉంచండి. సంఖ్యలు లుకింగ్ గ్లాస్‌తో సరిపోయాక మీ బ్లాకులు ప్రకటించండి. రద్దీ వేళ కాకుండా, ఇద్దరూ మెలకువగా ఉన్నప్పుడు.